గోడ వైపు తిరిగిన ముఖం

మా టీచర్ల వాట్సప్ గ్రూపులో ఎవరికి ఏ కష్టం వచ్చినా ఒక ఏడుపు బొమ్మ పడుతుంది. సెలవుల్లో ట్రైనింగ్ అన్నా, బదిలీలు వాయిదా అన్నా వెంటనే అదే బొమ్మ. నడివయసు ఆడమనిషి, నుదుటి మీద చెదిరిన జుట్టు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడుస్తూ ఉంటుంది. కదిలే బొమ్మ. ఏడ్చి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదటి నుంచి ఏడుస్తుంది. మొన్న మా స్కూల్లో కొత్తగా చేరిన లెక్కల టీచర్ని అడిగాను, ఈమె ఎవరో తెలుసా అని. "ఎవరో పాతకాలం యాక్టర్ అనుకుంటానండీ. భలే ఏడుస్తుంది కదా మేడమ్" అంది.

భలే ఏడుస్తుంది. ఆమెకి పేరు తెచ్చింది ఆ మాటే. చచ్చిపోయాక తల్లి పక్కన పడుకోనివ్వకుండా చేసిందీ ఆ మాటే.

పేరు రాయను. ఆమెకి పేర్లు రెండు. బాప్తిస్మం ఇచ్చినప్పుడు పెట్టింది ఒకటి, పోస్టర్ల మీద పడింది ఇంకొకటి. మొదటిది రాస్తే మీకు తెలియదు, రెండోది రాస్తే మా ఊళ్లో కొందరికి కోపం. ప్రత్తిపాడు దాటి లోపలికి వెళ్లాక వచ్చే మా ఊళ్లో, మా పేటలోనే, మా ఇంటికి రెండిళ్ల అవతల పుట్టింది. నాకు వరసకి అత్త. మా నాన్నని అన్నయ్యా అని పిలిచేది. మా నాన్న మా చర్చికి సంఘ పెద్ద. చర్చిని మేమంతా గుడి అనే అంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

అత్త ఇంట్లోకి వస్తే ముందు వెలుతురు వెతుక్కునేది. మనం స్టూలు వేసిన చోట కూర్చోదు. దాన్ని కిటికీ దగ్గరికి లాక్కుని, ముఖం మీద వెలుగు పడేలా సర్దుకుని, అప్పుడు టీ అడుగుతుంది. "ఏం చేయనే, నీడలో కూర్చుంటే నేను లేనట్టుంటది" అనేది. మనుషులకి వీపు చూపించేది కాదు. వెళ్లొస్తానంటూ గుమ్మం దాకా వెనక్కే నడిచేది. "ఒసేయ్, గడప చూసుకోవే, పడి చస్తావ్" అని మా అమ్మ ప్రతిసారీ కేకలేసేది. చిన్నప్పుడు నాటకాల కంపెనీలో జనానికి వీపు పెట్టినందుకు చెంప వాచిపోయేలా కొట్టారట. ఆ దెబ్బ ఆమె నడకలో ఉండిపోయింది.

దాచేపల్లి నుంచి కొత్తపట్నం దాకా ఆమె ఆడని ఊరు లేదంటారు. అమ్మవారి వేషం కట్టి వస్తే ముందు వరసలో ముసలమ్మలు లేచి నిలబడేవాళ్లట, కొన్ని ఊళ్లలో స్టేజీ ఎక్కి హారతి ఇచ్చేవాళ్లట. తెల్లారాక అదే ఊళ్లో, ఫలానా పేట పిల్ల అని తెలిశాక, టీ మాత్రం గొడ్ల చావిడి దగ్గర వేరే గ్లాసులో పోసేవాళ్లు. ఈ సంగతి ఆమె నవ్వుతూనే చెప్పేది. "రంగు కడిగేదాకా దేవతని. కడిగాక పేటదాన్ని. ఆ గ్లాసు కూడా నేనే కడిగి బోర్లించాలి." నాకు మాత్రం ఎన్నిసార్లు విన్నా నవ్వు రాలేదు, ఒళ్లు మండేది.

ఏడవడం గురించి అడిగితే వడియాలు ఎలా పెట్టాలో చెప్పినట్టు చెప్పేది. "స్టేజీ మీద భుజాలతో ఏడవాల. చివర కూర్చున్నోడికి కళ్లు కనపడవు గదా. కెమెరా ముందు భుజాలు కదపకూడదు, కళ్లతోనే ఏడవాల. ఇంట్లో అసలు ఏడవకూడదు. చూసేవాళ్లు ఎవురున్నారు?"

సినిమాలు తగ్గాక తల్లి కట్టుకున్న ఇంటికే తిరిగొచ్చింది. "ఏడ్చే తల్లులు అక్కర్లేదంట ఇప్పుడు. తల్లులు కూడా డాన్సులు కడుతున్నారు" అని అదో వెటకారం. ఊరికే కూర్చోలేక మిరప కల్లాలప్పుడు ఆడవాళ్లతో కలిసి తొడిమలు తీయడానికి పోయేది. ఆ ఘాటుకి అందరూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని దగ్గుతూ, తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ ఉండేవాళ్లు. "అక్కా, నీకు సినిమాల్లో కళ్లల్లో ఏందో పోసేవాళ్లంట గదా. మాకు రైతే ఉచితంగా పోస్తన్నాడు చూడు" అని ఆటపట్టించేవాళ్లు.

"నాకు ఏనాడూ పొయ్యలేదే. మందు పోస్తే వచ్చేది ఏడుపెట్టా అవుద్ది?" అనేది రోషంగా.

"అయితే ఒక్కసారి ఏడువు. కొడుకు శవాన్ని తెచ్చినట్టు ఏడువు."

కాసేపు బతిమాలించుకునేది. తర్వాత చేతులు దులుపుకుని, ఎర్రటి కాయల రాశి వైపు అలా చూస్తూ కూర్చునేది. కింది పెదవి లోపలికి పోయేది. అంతే, ఇక చూడలేం. అడిగినవాళ్లే ఆమెను పట్టుకుని "వద్దక్కా, చాలక్కా" అని ఏడ్చేవాళ్లు. గట్టున నిలబడ్డ రైతు తువ్వాలుతో ముఖం తుడుచుకునేవాడు. అప్పుడు ఆమె ఠక్కున ఆపి, "మంచినీళ్లు ఇలా ఇయ్యండే" అని మళ్లీ తొడిమల్లో పడేది. ఒకసారి నాన్న సైకిల్ దిగి అదంతా చూశాడు. ఇంటికొచ్చి అమ్మతో, "కుళాయి తిప్పినట్టు తిప్పుద్ది" అన్నాడు. అందులో మెప్పు ఎంతుందో భయం అంతుంది.

ఇక అసలు సంగతి. ఆమె బాగా వెలుగులో ఉన్న రోజుల్లో ఒక సినిమాలో అమ్మవారిగా వేసింది. గుంటూరులో హాలు ముందు నిలువెత్తు బొమ్మ పెట్టి, మెళ్లో నిమ్మకాయల దండ వేసి, కొబ్బరికాయలు కొట్టారు. మా గుళ్లో గోలయింది. నాటకాల్లో వేషాలంటే చూసీ చూడనట్టు ఊరుకున్నారు గాని, ఇది ఊరు ఊరంతా చూసింది. నాన్న కమిటీలో లేచి అన్న మాట నాకు ఇంకా గుర్తు. "విగ్రహాలకు మొక్కొద్దని మనం చదువుతాం. మన పిల్లే పోయి విగ్రహమై నిలబడింది." ఆ రోజే ఆమెకి బల్ల ఆపేశారు. బల్ల అంటే నెలకోసారి గుళ్లో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం. అది ఆగితే మనిషి సంఘంలో లేనట్టే. సంఘంలో లేకపోతే గుడి వెనకాల సమాధుల తోటలో చోటు ఉండదు. తోట చిన్నది, నియమం పెద్దది.

వాళ్లమ్మ ఏళ్ల తరబడి గుడి చిమ్మిన మనిషి. మంచం పట్టాక నాన్నని పిలిపించుకుంది. నేను పక్కనే ఉన్నాను. "ఒరేయ్, నా పక్కన చోటు ఎవురికీ ఇవ్వబాకురా. నా కూతురికి ఉంచు" అంది.

"ముందు దాన్ని బల్ల దగ్గరికి రానీ పిన్నీ, చూద్దాం" అన్నాడు నాన్న.

ఆ ముసలమ్మ పోయినప్పుడు అత్త షూటింగు నుంచి కారులో నేరుగా వచ్చింది. మెడ దగ్గర రంగు ఇంకా పూర్తిగా కడగలేదు. శవపెట్టె మీద పడి ఏడ్చింది చూడండి, పేటంతా అల్లాడిపోయింది. పక్క వీధుల వాళ్లు గోడలెక్కి చూశారు. నాన్న కళ్లు తుడుచుకుంటూ పక్కకి తిరిగాడు. ఆ ఏడుపు గురించి మా పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సినిమాలు అయిపోయి ఊరికి వచ్చేశాక ఆమె కోరుకున్నది ఒక్కటే, అమ్మ పక్కన చోటు. దానికి బల్ల కావాలి. బల్ల కావాలంటే ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. అందుకు ఆమెకేం అభ్యంతరం లేదు. తెల్లచీర కట్టుకుంది, పౌడరు రాయలేదు, చెవులకి కూడా ఏమీ పెట్టుకోలేదు. పాటలయ్యాక ముందుకు వెళ్లి నిలబడింది. "నేను మీ మధ్యన పుట్టినదాన్ని. దారి తప్పాను. కూటి కోసం వెళ్లాననుకున్నా గాని, అక్కడ నాకు బాగుందని ఉండిపోయా" అని మొదలుపెట్టింది. ఇంతలో ఏడుపొచ్చేసింది. ఎంత ఆపుకోవాలని చూసినా ఆగలేదు. ముక్కు కారుతోంది, మాట ముక్కలవుతోంది, చూడటానికి ఏం బాగాలేదు. తెర మీద ఆమె ఎప్పుడూ అంత అందవికారంగా ఏడవలేదు. ఆడవాళ్ల వైపంతా వెక్కిళ్లు. చివరికి "నన్ను చేర్చుకోండి" అని చేతులు జోడించింది.

మా గుళ్లో ఎవరైనా మంచి సాక్ష్యం, అంటే దేవుడు తమ బతుకులో చేసిన మేలు, చెబితే చప్పట్లు కొట్టడం అలవాటు. వెనకాల చాప మీద నుంచి ఎవరో కొట్టారు. ఆ మనిషి ప్రేమతోనే కొట్టింది, అందులో అనుమానం లేదు. ఆ చప్పట్లు పాకి పాకి గుడంతా మోగిపోయాయి.

అప్పుడు అత్త కళ్లు తుడుచుకుని, తల ఎత్తి, ఎడమ వైపు తిరిగి ఒక నమస్కారం పెట్టింది. కుడి వైపు తిరిగి ఒకటి. మధ్యలోకి వచ్చి కాస్త వంగి ఇంకొకటి. అచ్చం నాటకం అయ్యాక తెర ముందుకొచ్చి పెట్టినట్టు.

మూడో నమస్కారం సగంలో ఉండగా ఆమెకి తెలిసింది, తను ఏం చేస్తోందో. చేతులు అలాగే ఆగిపోయాయి. ఆ ముఖం నేను చూశాను, మళ్లీ ఎప్పుడూ చూడకూడదనుకున్నాను. చప్పట్లు ఆగిపోయాయి. నాన్న లేచి, "కూర్చోమ్మా. కమిటీ మాట్లాడుద్ది" అన్నాడు. కమిటీ ఆమె చచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో నేను నాన్న మీద ఎగిరాను. ఆమె నిజంగా ఏడ్చింది, నీకు కనపడలేదా అని అరిచాను. నాన్న అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. "నాకూ ఏడుపొచ్చింది. సినిమా హాల్లో కూడా ఇట్టానే వచ్చింది, ఇంతే వచ్చింది. తేడా నాకెట్టా తెలుస్తుందమ్మా?" అన్నాడు. నా తండ్రి చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే ఈ కథ చెప్పడం నాకు తేలిక.

"ఎందుకు పెట్టావత్తా ఆ నమస్కారాలు?" అని ఆమెను కూడా అడిగాను.

"చప్పట్లు వినపడ్డాక ఈ చేతులు నా మాట వినవే" అంది. చేతుల వంక ఎవరివో చూసినట్టు చూసుకుంది.

ఆ తర్వాత కూడా ఒక్క ఆదివారం మానలేదు. వెనకాల చాప మీద కూర్చునేది. బల్ల ఇచ్చే వేళకి నెమ్మదిగా లేచి, వెనక్కి నడుచుకుంటూ బయటికి పోయి, చెప్పులు విడిచే చోట మెట్ల మీద కూర్చునేది. అందరూ తీసుకుని వచ్చేదాకా అక్కడే. "ఏంటత్తా ఇక్కడ?" అంటే, "ఇంటర్వెల్ ఇచ్చారే" అనేది. మొదట్లో ఆ హాస్యానికి మెట్ల దగ్గర ఆడవాళ్లు నవ్వేవాళ్లు. పోను పోను ఎవరూ నవ్వలేదు. ఆమె మాత్రం అదే మాట చెబుతూ వచ్చింది.

కడుపులో గడ్డ అన్నారు. గుంటూరులో పెద్దాసుపత్రి వాళ్లు చూసి, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి అన్నారు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. స్కూలు వదిలాక నేను వెళ్లి కూర్చునేదాన్ని. సొమ్మసిల్లి పడుకుని కూడా కళ్లు తెరవగానే, "మా అమ్మ పక్కన చోటు ఉందా, ఎవురికైనా ఇచ్చారా?" అని అడిగేది. ఉందత్తా, ఉంది అనేదాన్ని. నిజంగానే ఉంది. ఆ చోట గడ్డి మొలిచి, మేకలు మేసేవి.

అప్పటికి మా గుడికి కొత్త పాస్టరు గారు వచ్చారు. కుర్రవాడు, మెత్తటి మనిషి. నేనే వెళ్లి అడిగాను. "చావు మంచం మీద అడిగినవాళ్లకి లేదనే అధికారం నాకు లేదు టీచరుగారూ" అని ఒక మధ్యాహ్నం రొట్టె, ద్రాక్షరసం సంచిలో పెట్టుకుని వచ్చారు. గదిలో ఆమె, ఆయన, నేను.

"అమ్మా, ప్రభువుకి చెప్పుకోవాల్సింది ఏదన్నా ఉంటే చెప్పుకోండి" అన్నారాయన.

ఆమె నా వైపు చూసింది. "నన్ను గోడ వైపు తిప్పవే."

"ఎందుకత్తా? నొప్పెడుతుంది."

"తిప్పు. నా మొహం చూస్తే అయ్యగారు నమ్మరు. ఎవురూ నమ్మరు."

భుజాలు పట్టుకుని తిప్పాను. ఆమె వీపు చూడటం నాకు అదే మొదటిసారి. వెన్నుపూసలు లెక్కపెట్టేలా ఉన్నాయి. గోడకేసి, కూర రేటు చెప్పినట్టు, ఎత్తుపల్లాలు లేని గొంతుతో చెప్పింది.

"అయ్యగారూ, అమ్మవారి వేషం కట్టా. జనం కాళ్ల మీద పడితే వద్దనలా. ఆ కాసేపు నాకు మనిషినన్నట్టు ఉండేది. అది తప్పయితే తప్పే. ఇంకోటి ఉంది, అది ఇంతవరకు ఎవురికీ చెప్పలా. మా అమ్మ పెట్టె మీద పడి ఏడ్చానే, అది యాక్షన్. ఆ వారమంతా షూటింగులో ఏడ్చీ ఏడ్చీ వచ్చా. అమ్మ మొహం చూస్తే కంట్లో చుక్క లేదు. గోడల మీద జనం ఎక్కి చూస్తన్నారు. కూతురు ఏడవలేదంటారని ఏడ్చా. నా అంతట నేను అమ్మ కోసం ఏడవలా. దానికి క్షమించమనండి."

పాస్టరు గారు సంచి దగ్గరికి లాక్కున్నారు. తర్వాత రొట్టె తుంచి, ఆమె తల మీదుగా చెయ్యి చాపి నోట్లో పెట్టారు. ఆమె గోడకే తిరిగి నమిలింది. ద్రాక్షరసం నేను చెంచాతో పోశాను. ఆయన వెళ్లాక తల ఎత్తి దిండు సర్దితే, గలీబు చెంప కింద తడిసి ముద్దయి ఉంది. ఇంట్లో ఏడవకూడదని చెప్పిన మనిషి.

ఆ వారంలోనే పోయింది. కమిటీ మా ఇంటి వరండాలోనే కూర్చుంది. పాస్టరు గారు తను బల్ల ఇచ్చానని చెప్పారు. సరే, ఇచ్చారు, పశ్చాత్తాపం కనపడిందా అని కమిటీవాళ్లు అడిగారు. ఆయన అబద్ధం చెప్పలేని మనిషి. "ఒప్పుకున్నారండీ. ముఖం గోడ వైపు ఉంది, నేను చూడలేదు. ఏం ఒప్పుకున్నారనేది మాత్రం నేను చెప్పకూడదు" అన్నారు.

"ముఖం దాచుకుని ఒప్పుకునేదేందండీ?" అన్నారెవరో.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాను, దిండు తడిసిందని.

"జ్వరం కదమ్మా" అన్నాడు నాన్న. "చెమట అయ్యుంటది."

పంచాయతీ శ్మశానంలో పెట్టారు, పత్తి మిల్లుకి వెళ్లే దారిలో. పాస్టరు గారు గుళ్లో వేసుకునే పొడుగు అంగీ లేకుండా, మామూలు చొక్కాతో వచ్చి ప్రార్థన చేశారు. కల్లాల్లో పనిచేసిన ఆడవాళ్లంతా వచ్చారు. చాలామంది ఫోన్లలో వీడియో తీసుకున్నారు. వాళ్లనేం అనను. ఆమె దగ్గరికి వచ్చిన వాళ్లందరికీ జీవితమంతా చూడటమే అలవాటు.

తిరిగి వస్తుంటే నాన్న నా భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తున్నాడు. పెద్దవాడైపోయాడు, రొప్పుతున్నాడు. దారి మధ్యలో ఆగాడు.

"అది నిజంగా ఏడవటం నేను ఒక్కసారే చూశానమ్మా" అన్నాడు. "వాళ్లమ్మ పెట్టె దగ్గర. అమ్మో, రాయి కూడా కరిగిపోద్ది. ఆ ఏడుపు ఆ రోజు గుళ్లో ఏడ్చుంటే, అప్పుడే బల్ల ఇచ్చేవాణ్ణి."

 చెప్పాలనిపించింది. చెబితే నాన్నకి ఏం తెలిసేది? పెట్టె దగ్గర ఏడుపు కూడా అబద్ధమేనా, చూశావా, నేను ముందే అన్నాను అనేవాడు. చచ్చిపోయిన మనిషి మీద ఇంకొక తప్పు పడేది. చెప్పలేదు. ఇప్పుడు పాస్టరు గారు వేరే ఊరికి బదిలీ అయ్యారు, ఆ మాట తెలిసినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే.

పోయిన ఏడు నాన్న పోయాడు. తోటలో ఇంక ఖాళీ లేదు, ముసలమ్మ పక్కన ఉన్నది తప్ప. అక్కడ వద్దురా అని తమ్ముళ్లతో అన్నాను. "మరెక్కడ పెడతాం అక్కా? ఎవురిదని రాసుందా అక్కడ?" అన్నాడు పెద్ద తమ్ముడు. రాసి లేదు. గడ్డి పీకించి, అక్కడే తవ్వించారు.

ఈస్టరు నాడు సమాధులకి సున్నాలు వేసి పూలు పెడతాం. నేనూ పెడతాను, నాన్నకి కొన్ని, పక్కనున్న ముసలమ్మకి కొన్ని. అత్తకి పెడదామని పంచాయతీ శ్మశానానికి పోతే, వానలకి మట్టి కుంగిపోయి, తుమ్మ కంప అల్లుకుపోయి, ఏది ఆమెదో పోల్చుకోలేకపోయాను.

తోటలో నాన్న దగ్గర నిలబడితే జనం నా వైపు చూస్తూ ఉంటారు. కూతుర్ని కదా. నాకు ఏడుపు రాకపోదు, నాన్న మీద నాకు ప్రేమే. అయినా గొంతు దాకా వచ్చినదాన్ని మింగేస్తాను. నేను ఏడిస్తే ఎవరూ ఏమీ అడగరు. వెంటనే నమ్మేస్తారు.